అపస్మారపు పొలిమేర

మన యిండ్లలో తలనొప్పికి గల స్వేచ్ఛ మూర్ఛకు లేదు. ఇల్లాలికి పార్శ్వపునొప్పి వచ్చినచో ఆ వార్త వీధియరుగు వరకు నడచును. పొరుగింటి ముత్తైదువ వచ్చి శొంఠి యరగదీసి కణతలకు పట్టువేయును. మరియొకరు తమ పుట్టింటివారి చిట్కా చెప్పుదురు. అదే యింట బిడ్డకు మూర్ఛ వచ్చినచో మొదట మూయబడునది వీధితలుపు. ఆడుపిల్ల యైనచో మేనమామకు సైతము తెలియనీయరు. ఒక వ్యాధిని లోకువ చేసితిమి. మరియొక వ్యాధిని దాచిపెట్టితిమి. ఈ రెండలవాట్ల నడుమ నలుగునది బిడ్డ. తల నొచ్చుచున్నదని యేడ్చిన పసివానిని బడి యెగవేయుటకు పన్నాగము పన్నినాడని కసరుదుము. నడిరేయి లేచి, కన్నులొకవైపునకు త్రిప్పి, వాంతి చేసికొన్న పసిదానికి ఉప్పు మిరపకాయలతో దిష్టి తీయుదుము. ఈ రెండు వ్యాధులును ఒకే పొలిమేరకు ఈవల నొకటియు ఆవల నొకటియు కాపురమున్నవనియు, బాల్యమున ఆ పొలిమేరను గుర్తించుట మిక్కిలి కష్టమనియు వైద్యులు తెలిసికొనుటకు రెండువేల యేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రము గృహస్థులకు తెలియవలసియున్నది.

పేర్లతో మొదలిడుదము. తెలుగుపల్లెలలో మూర్ఛకు ఈడ్పులని, కాకిసోమాల యని పేర్లు. ఇప్పుడు ఫిట్సు అనుట యెక్కువ. తలలో నొకప్రక్కనే వచ్చు నొప్పి పార్శ్వపునొప్పి, లేక ఒరతలనొప్పి. మూర్ఛవచ్చిన బిడ్డ చేతిలో ఇనుప తాళపుచెవుల గుత్తి పెట్టుట, ముక్కుకడ ఉల్లిపాయ చిదిమి పట్టుట మనలో చాలమంది కన్నులార చూచినదే. ఈ చికిత్సల కీర్తికి కారణము దుర్గ్రాహ్యము కాదు. మూర్ఛ సాధారణముగ రెండు మూడు నిమిషములలో తనంతట తానే శాంతించును. ఆలోపల ఎవరేమి చేసిన ఆ ప్రతిష్ఠ వారికే దక్కును. ఇనుమును ఉల్లియు బిడ్డకు మేలు చేయకున్నను గొప్ప కీడు చేయవు. వాతలు పెట్టుట, ముక్కున పసరు పోయుట, పండ్లనడుమ గరిటె దూర్చుట మాత్రము అట్టివి కావు. పసరు ఊపిరితిత్తులలోనికి పోవును. గరిటె పండ్లను విరుగగొట్టును. వాత మచ్చ జన్మాంతము నిలుచును.

మన ప్రాచీనులు ఈ వ్యాధులను ఎట్లు చూచిరి? చరకసంహితలో అపస్మారమునకు నిదానస్థానమున నొకటి, చికిత్సాస్థానమున నొకటి, రెండధ్యాయములు కలవు. స్మృతి తొలగిపోవుట కనుక అపస్మారమనిరి. చీకటిలోనికి ప్రవేశించినట్లగుట, శరీరము వికారముగ చలించుట దాని లక్షణములని వ్రాసిరి. అర్ధావభేదకము, అనగా సగము తలను చీల్చు నొప్పి, సిద్ధిస్థానమున శిరోరోగముల నడుమ వచ్చును. మెడ, కనుబొమ, కణత, చెవి, కన్ను, నొసలు, వీనిలో సగము భాగమున శస్త్రముతో కోసినట్లు, అరణి మథించినట్లు బాధించునని చరకుని వర్ణన. ఈ రెండిటికిని సంబంధము కలదని యాతడెచ్చటను చెప్పలేదు. ఐనను శ్రద్ధతో చదివినవారికి ఒక వింత తోచును. అపస్మారము పక్షమున కొకమారు గాని, పండ్రెండు దినములకు గాని, మాసమునకు గాని వచ్చునని చరకుడు వ్రాసెను. అర్ధావభేదకము పక్షమునకు గాని, పది దినములకు గాని, లేక అకస్మాత్తుగ గాని వచ్చునని సుశ్రుతుడు వ్రాసెను. రెండు వ్యాధులకును ఇంచుమించుగా ఒకే పంచాంగము! నడుమ దినములలో మనుష్యుడు నిశ్చింతగ తిరుగుచుండుట, మరల నొకనాడు పిడుగువలె వ్యాధి దిగుట, ఇది జ్వరముల పద్ధతియు కాదు, వ్రణముల పద్ధతియు కాదు. దోషము దేహమందే యుండగా నడుమ నెట్లు దాగియుండునను ప్రశ్నకు సుశ్రుతుడు చెప్పిన పోలిక అందమైనది: వానలెంత కురిసినను కొన్ని విత్తనములు శరత్తునందే మొలకెత్తును గదా యని.

వర్ణముల సంగతి యింకను విశేషము. మూర్ఛకు ముందు రోగికి కనబడు రూపములు వాతమున ఎఱుపు నలుపు కలిసినవిగను, పిత్తమున పసుపును రక్తవర్ణమును గలవిగను, కఫమున తెల్లనివిగను ఉండునని చరకుడు విభజించెను. త్రిదోషసిద్ధాంతమును అంగీకరించినను అంగీకరింపకున్నను, రోగిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని నీకేమి కనబడినదని యడిగిన వైద్యుడొకడు ఆ వాక్యముల వెనుక నున్నాడని చెప్పక తప్పదు. ఆ ప్రశ్నయొక్క విలువ ముందు తెలియగలదు. పిల్లల విషయమున మాత్రము మనవారి దృష్టి వేరు త్రోవ పట్టెను. సుశ్రుతుడు బాలగ్రహములను తొమ్మిదింటిని లెక్కించి, వానిలో స్కందాపస్మారమను దానిని చేర్చెను. పెద్దవానికి వచ్చిన మూర్ఛకు దోషము కారణము కాగా, పసిబిడ్డకు వచ్చిన మూర్ఛకు గ్రహము కారణమాయెను. చికిత్సలో ఔషధమును బలియు ప్రక్కప్రక్కనే నడచినవి. కాలక్రమమున ఔషధము వైద్యుని పెట్టెలోనే నిలిచిపోయి, బలి మాత్రము పల్లెపల్లెకు వ్యాపించెను.

ఇదే చిక్కును పడమటిదేశమున తెగగొట్టిన గ్రంథమొకటి కలదు. క్రీస్తునకు పూర్వము నాలుగువందల సంవత్సరముల ప్రాంతమున హిప్పోక్రటీసు పేర వెలసిన ఆ చిన్నగ్రంథము, లోకులు పవిత్రవ్యాధి యని పిలుచు మూర్ఛ తక్కిన వ్యాధులకంటె ఏమియు పవిత్రము కాదనియు, దాని మూలము మెదడేననియు, దానిని దైవమునకు అంటగట్టువారు తమ అజ్ఞానమును కప్పిపుచ్చుకొను మంత్రగాండ్రనియు వాదించినది. వాదముకంటె నన్ను ఆకర్షించినది అందలి యొక చూపు. మూర్ఛ రానున్నదని తెలిసిన పెద్దవాడు సిగ్గుచే నలుగురికి దూరముగ పరుగెత్తి ముసుగు కప్పుకొనుననియు, అలవాటుపడిన పసిబిడ్డ మాత్రము భయపడి తల్లి యొద్దకో తెలిసినవారి యొద్దకో పరుగెత్తుననియు, ఏలయన సిగ్గనగా నేమో ఆ బిడ్డకు ఇంకను తెలియదనియు ఆ గ్రంథకర్త వ్రాసినాడు. సిగ్గు వ్యాధిలో లేదు. బిడ్డకు దానిని నేర్పువారము మనము.

గ్రీకులు తలనొప్పిని సైతము ఎఱుగుదురు. గేలెను వాడిన హెమిక్రేనియా, అనగా అర్ధకపాలము, అను మాటయే క్రమముగ నలిగి మైగ్రేను అయినది. మన అర్ధావభేదకమునందలి అర్ధమును అదియే. ఇరువురును సగము తలనే చూచిరి. మూర్ఛను మరియొక యరలో దాచిరి. ఆ తరువాతి పదునాఱు శతాబ్దములలో ఈ విషయమున చెప్పదగినది స్వల్పము.

ముందడుగు చిత్రముగ ఒక పొరపాటునుండి పడినది. 1857లో లండనునందు విక్టోరియా రాణికి ప్రసవవైద్యుడైన చార్లెసు లాకాక్ ఒక వైద్యసభలో లేచి, స్త్రీలకు ఋతుసంబంధముగ వచ్చు మూర్ఛలకు పొటాసియము బ్రోమైడు ఇచ్చితిననియు, గుణమిచ్చినదనియు చెప్పెను. మూర్ఛకు గర్భాశయము కారణమన్న ఆతని తలంపు తప్పు. మందు మాత్రము ఒప్పు. అంతకు ముందు మూర్ఛను నిలుపగల మందు ఏ దేశమునను లేదు. అచిరకాలమున వైద్యులు ఆ బ్రోమైడునే పార్శ్వపునొప్పికిని ఇచ్చిచూచిరి. రెండు వ్యాధులు ఒకే మందుసీసాలో కలిసికొనుట అదియే తొలిసారి. సిద్ధాంతము ఇంకను పుట్టలేదు. వైద్యుని చేయి సిద్ధాంతముకంటె ముందు నడచినది.

1873లో రెండు సంగతులు జరిగినవి. ఎడ్వర్డు లివింగ్ అను ఆంగ్లేయ వైద్యుడు పార్శ్వపునొప్పిపై పెద్ద గ్రంథము ప్రకటించి, అది రక్తనాళముల చేష్ట కాదనియు, నాడీమండలమున చెలరేగు తుపానువంటిదనియు, మూర్ఛ దానికి సమీపబంధువనియు వ్రాసెను. ఆ యేడే హ్యూలింగ్స్ జాక్సన్ మూర్ఛ యనగా మెదడులోని బూడిదరంగు పదార్థమున అప్పుడప్పుడు హఠాత్తుగ, మితిమీరి, వేగముగ జరుగు విద్యుద్విసర్జనమని నిర్వచించెను. విద్యుత్తును కొలుచు యంత్రమింకను లేని కాలమున, రోగి చేతివ్రేళ్లనుండి మోచేతికి, మోచేతినుండి ముఖమునకు ఈడ్పు ప్రాకిన తీరును చూచి చెప్పిన మాట యది. జర్మనీలో హాన్సు బెర్గరు మనుష్యుని మెదడు విద్యుత్తరంగములను 1924లో తొలిసారి పట్టి, 1929లో ప్రకటించువరకు ఆ మాటకు కంటికి కనబడు సాక్ష్యము రాలేదు.

వీరి తరువాతివాడు విలియం గవర్సు. ఈ కథలో నాకు మిక్కిలి ఇష్టుడు. ఆతనికి షార్ట్‌హ్యాండు పిచ్చి. వైద్యులందరును దానిని నేర్చుకొనవలెనని 1894లో ఒక సంఘమునే స్థాపించినాడు. రోగి చెప్పిన మాట చెప్పినట్లు వ్రాసికొనవలెననుట ఆతని పట్టుదల. అట్లు దశాబ్దములు కూర్చిన వ్రాతలనుండి 1907లో ఒక చిన్నపుస్తకము వెలువడినది. దాని పేరును తెలుగు చేసినచో అపస్మారపు పొలిమేర యగును. మూర్ఛ కాకయు మూర్ఛను పోలి, దాని సరిహద్దున మసలు వ్యాధులు, అనగా సొమ్మసిల్లుట, తలతిరుగుడు, నిద్రలోని వికారములు, పార్శ్వపునొప్పి, అందలి విషయము. పార్శ్వపునొప్పి ఈ వరుసలో నేల చేరినదని చదువరి ఆశ్చర్యపడునని గవర్సే తలంచి సమాధానము చెప్పెను: ఒకదానిని మరియొకటిగా వైద్యులు పొరబడుచున్నారు, వేరుపరచుట పలుమారులు కష్టమగుచున్నది, అందువలననే యని. ఒకటి మరియొకటిగా మారిపోవునని ఆతడనలేదు. తేడాకు ఆతడు చూపిన గురుతు కాలము. మూర్ఛకు ముందు వచ్చు వింతచూపులు క్షణములలో ముగియును. పార్శ్వపునొప్పికి ముందు వచ్చునవి నిమిషములకొలది నిలిచి మెల్లమెల్లగ పెరుగును. నూఱేండ్లు గడచినను ఆ గురుతు చెడలేదు.

ఆ మెల్లదనమునకు కారణము దొరికిన తీరు వినదగినది. 1941లో కార్ల్ లాష్లీ యను అమెరికా పండితుడు తన పార్శ్వపునొప్పికి ముందు కన్నులయెదుట లేచు మిణుకుమిణుకు వంపుగీతను ఎప్పటికప్పుడు కాగితముపై గీసికొని, అది మెదడు పొరపై నిమిషమునకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ప్రాకవలెనని లెక్కకట్టెను. ఈ లెక్కతో నిమిత్తము లేక, హార్వర్డులో లెయావ్ అను బ్రెజిల్ దేశపు యువకుడు కుందేళ్ల మెదడులో మూర్ఛను పుట్టించి పరిశీలింప బూనెను. మూర్ఛకు బదులు వేరొకటి కనబడినది. తాకిన చోటినుండి విద్యుచ్చేష్ట అణగిపోయి, ఆ నిశ్శబ్దము నలుదెసలకు నిమిషమునకు కొన్ని మిల్లీమీటర్ల వేగముతో ప్రాకజొచ్చెను. 1944లో ఆతడు దానిని ప్రకటించెను. లాష్లీ గీతయు లెయావ్ నిశ్శబ్దమును ఒక్కటేయని 1958లో మిల్నరు సూచించెను. మూర్ఛను వెదుకబోయినవానికి పార్శ్వపునొప్పి దొరికినదన్నమాట. గడ్డిమైదానమున అంటుకొన్న నిప్పు అంచు మాత్రము మండుచు మెల్లగ ముందునకు ప్రాకి వెనుక బూడిదను విడుచును. టపాకాయల సరము ఒక్కమారుగ పేలును. మొదటిది పార్శ్వపునొప్పి, రెండవది మూర్ఛ. అంటుకొనుటకు అనువైన మెదడు రెండిటికిని కావలెను.

ఇంక పిల్లల సంగతి. పెద్దవారి పార్శ్వపునొప్పికిని పిల్లలదానికిని పోలిక తక్కువ. బిడ్డకు నొప్పి ఒకప్రక్కనే రావలెనను నియమము లేదు, నొసలంతయు నొచ్చును. పెద్దవారికి దినమంతయు నుండునది బిడ్డకు గంటా రెండు గంటలలో దిగిపోవును. వాంతియు, వెలుతురును శబ్దమును ఓర్వలేకపోవుటయు ముఖ్యము. నిద్రపోయి లేచిన బిడ్డ ఏమియు జరుగనట్లు ఆడుకొనును. ఇందువలననే పెద్దలు నమ్మరు. మూర్ఛయు అట్లే పిల్లలలో అన్నివేళల నేలబడి కొట్టుకొనుటగా రాదు. గ్రీకు వంశజుడైన పనయోటోపులోస్ 1980వ దశకమునుండి వర్ణించిన మూర్ఛ మూడునుండి ఆఱేండ్ల బిడ్డలకు తఱచు నిద్రలో వచ్చును. బిడ్డ లేచి, పాలిపోయి, కడుపు త్రిప్పుచున్నదని వాంతి చేసికొనును, కన్నులు ఒకవైపునకు తిరిగిపోవును, పిలిచిన పలుకదు. ఇది అరగంటయు నిలువవచ్చును. చూచినవారు అజీర్తి యందురు, దిష్టి యందురు, కొందరు వైద్యులు పార్శ్వపునొప్పి యందురు. అదృష్టవశమున ఈ మూర్ఛ చాలమందికి కొలది యేండ్లలో తనంతట తానే పోవును. పలువురకు నిత్యము మందు మ్రింగవలసిన పనియు లేదు.

రెండవది ఫ్రెంచివైద్యుడు గాస్తో 1982లో వర్ణించినది. ఎనిమిదేండ్ల ప్రాయపు బిడ్డకు కన్నులయెదుట రంగురంగుల గుండ్రని బిళ్లలు లేచి, క్షణములలో ఎక్కువై, మూడు నిమిషముల లోపల పోయి, పిదప తలనొప్పి వచ్చును. ఇది పార్శ్వపునొప్పికి అచ్చుగ్రుద్దినట్లుండును. కాని పార్శ్వపునొప్పి గీతలు తఱచు రంగు లేనివి, వంకరటింకరగ మెఱయునవి, అయిదు నిమిషములకు పైగా మెల్లగ పెరుగునవి. రంగు, ఆకారము, వ్యవధి, ఈ మూడు ప్రశ్నలు బిడ్డను అడిగినచో సగము చిక్కు వీడును. చరకుడు రంగు అడిగియుండెను. గవర్సు వ్యవధి అడిగెను. మూర్ఛకును పార్శ్వపునొప్పికిని ముడివేసి 1960లో లెన్నాక్సు ప్రచారము చేసిన మైగ్రలెప్సీ యను పేరు నేడు సందేహమున పడినది. ఆ పేరుతో వ్రాయబడిన రోగులలో పలువురకు నిజముగ నున్నది మెదడు వెనుకభాగమున పుట్టిన మూర్ఛయేనని తరువాతివారి విమర్శ.

ఐనచో బంధుత్వము కల్లయా? కాదు. ఆట్‌మన్, లిప్టన్ అనువారు 1994లో మూర్ఛరోగులను వారి బంధువులతో పోల్చిచూడగా, మూర్ఛ గలవారికి పార్శ్వపునొప్పి రెండింతలకు పైగా కనబడినది. 2006లో ఐస్‌లాండునుండి ప్రకటింపబడిన పరిశోధన పిల్లలనే ఎంచుకొన్నది. ముందు కంటిసూచనల వంటివి కనబడి వచ్చు పార్శ్వపునొప్పి గల బిడ్డలకు అకారణమూర్ఛ వచ్చు అవకాశము హెచ్చుగ నుండెను. సూచనలు లేని పార్శ్వపునొప్పి గలవారికి హెచ్చు లేదు. దీనిని చదివి తల్లులు బెదరరాదు. పార్శ్వపునొప్పి గల పిల్లలలో అత్యధికులకు మూర్ఛ యెన్నడును రాదు. మన దేశమున మరియొక జాగ్రత్త కావలెను. బద్దెపురుగు గ్రుడ్లు మురికిచేతులవలనను కడుగని కూరలవలనను కడుపులోనికి పోయి, దాని పిల్లపురుగు మెదడున గూడుకట్టినచో తలనొప్పియు మూర్ఛయు కలిసివచ్చును. అందుచే రెండును కలిసి క్రొత్తగ కనబడిన బిడ్డకు తలను స్కానింగు చేయుమని వైద్యుడు చెప్పినచో అది డబ్బు గుంజుటకని యనుకొనరాదు.

దక్షిణదేశమున ఈ రెండు వ్యాధులును ఎదురుపడు చోటొకటి మన స్నానపుగదియే. వేడినీళ్లతో స్నానము చేయగా మూర్ఛ వచ్చుట 1945లో న్యూజీలాండులో అలెన్ వర్ణించిన విచిత్రము. అచ్చట అది అరుదు. మనకు అరుదు కాదు. బెంగుళూరులో డాక్టరు కె. ఎస్. మణియు ఆయన సహచరులును 1968లో దీనిని గూర్చి వ్రాసిరి. ఆ నగరముననే నిమ్హాన్సు సంస్థకు చెందిన సతీశ్‌చంద్ర ప్రభృతులు 1988లో 279 మంది రోగుల వృత్తాంతము ప్రకటించిరి. విశేషించి కన్నడసీమలో కనబడు ఈ వ్యాధి తక్కిన దక్షిణ రాష్ట్రములందును లేకపోలేదు. కారణము నీటి వేడిమి యొక్కటే కాదు; బాగుగ కాగిన నీటిని చెంబుతో ఎత్తి తలపై కుమ్మరించు మన పద్ధతి. ఇదియిట్లుండ, 2006లో ముంబయి వైద్యుడు రవిశంకర్ తలస్నానమువలన పార్శ్వపునొప్పి వచ్చు 94 మంది భారతీయ రోగులను గూర్చి వ్రాసెను. వారిలో స్త్రీలే హెచ్చు. శుక్రవారపు తలంటి ఒకరికి తలనొప్పిని, మరియొకరికి మూర్ఛను తెచ్చుచున్నదన్నమాట. పండుగనాడు తలంటుచుండగా బిడ్డ కన్నులు తేలవేసినచో దేవత పూనినదని కొబ్బరికాయ కొట్టిన యిండ్లు ఎన్నో యుండవచ్చును. నీళ్లు గోరువెచ్చగ నుంచుట, తలమీద కుమ్మరింపక తడిగుడ్డతో తుడుచుట, చాలక వైద్యుడు చెప్పిన మాత్రను స్నానమునకు ముందు వేయుట, ఇవియే దీని చికిత్స. గ్రహశాంతికైన వ్యయములో వందవవంతు కాదు.

మందుల చరిత్రము పొలిమేరను ఇంకను చెరిపినది. 1912లో జర్మనీలో హాప్ట్‌మన్ రోగుల గలభాకు నిద్రమందుగ ఇచ్చిన ఫినోబార్బిటాలు వారి మూర్ఛలను తగ్గించుట కనిపెట్టెను. మిక్కిలి చవుకయైన ఆ మాత్ర నేటికిని బీదదేశములను కాచుచున్నది. 1960వ దశకారంభమున ఫ్రాన్సులో మూర్ఛకు పనిచేయునని తెలిసిన వాల్ప్రోయేటును 1996లో అమెరికా ప్రభుత్వము పార్శ్వపునొప్పి నివారణకు అంగీకరించెను. మూర్ఛమందైన టోపిరమేటు 2004లో ఆ వరుసనే వచ్చెను. జన్యుశాస్త్రము వెంబడించినది. ఒకవైపు పక్షవాతముతో వచ్చు వంశపారంపర్యపు పార్శ్వపునొప్పికి 2005లో కనుగొన్న జన్యువొకటి, 2001లోనే శిశువుల తీవ్రమూర్ఛయైన డ్రావే వ్యాధికి మూలమని తేలిన జన్యువే. నాడీకణములోనికి సోడియమును పోనిచ్చు ద్వారమును అది కట్టును. ఆ ద్వారము ఒకరీతి చెడినచో మూర్ఛ, మరియొకరీతి చెడినచో పార్శ్వపునొప్పి.

ఇచ్చట ఉత్సాహమునకు కళ్లెము వేయు సంగతి చెప్పవలెను. పెద్దవారికి పనిచేసిన మందు పిల్లలకును పనిచేయునని వైద్యులు చిరకాలము ఇచ్చుచుండిరి. 2017లో అమెరికాలో 8 మొదలు 17 ఏండ్ల వారిపై జరిగిన పరీక్ష ప్రకటింపబడెను. టోపిరమేటు ఇచ్చినవారిలో నూటికి 55 మందికి, అమిట్రిప్టిలిను ఇచ్చినవారిలో 52 మందికి తలనొప్పి దినములు సగమునకు తగ్గగా, మందులేని ఉత్తమాత్ర ఇచ్చినవారిలో 61 మందికి తగ్గినవి! మందుల దుష్ఫలములు మాత్రము మందులు తిన్నవారికే. మూర్ఛకు మందు మానరాదు. పార్శ్వపునొప్పికి మాత్రము వేళకు నిద్ర, వేళకు తిండి, చాలినన్ని నీళ్లు ముందు చూడవలెను. బంధువులైనంత మాత్రమున ఇద్దరికిని ఒకే విస్తరి వేయరాదు.

వాల్ప్రోయేటు ఆడుపిల్లల తల్లిదండ్రులు ఎఱుగవలసిన పేరు. గర్భవతి దానిని తిన్నచో శిశువు వెన్నెముక చీలియుండుట, బుద్ధి మందగించుట సంభవించును. అందుచే ఎదిగిన బాలికలకు వేరొక మందు కుదిరినచో దానినే ఇచ్చుట నేటి మర్యాద. మూర్ఛమందులు తినుచు బిడ్డను కోరు స్త్రీకి ముందునుండియే ఫోలిక్ ఆమ్లము ఇత్తురు. ఆ ఫోలిక్ ఆమ్లమును 1940వ దశకమధ్యమున అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు తయారు చేయించినవాడు భీమవరమున పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. మందు మార్చుకొనవలెనన్న వైద్యునితో చెప్పవలెను. వైద్యునితో చెప్పవలెనన్న ఇంట చెప్పగలుగవలెను. మూర్ఛను అత్తవారికి దాచి పెండ్లిచేసిన పిల్ల, మాత్రలను చీరెమడతలలో దాచికొని, ఒకనాడు దాచలేక మానివేసి, వంటయింట పొయ్యికడ పడిపోవుట ఎన్నియో యూళ్లలో జరిగినది.

దాచుటకు సంఘమొక్కటే కారణము కాదు. చట్టమును కొంతకాలము కారణమైనది. 1955 నాటి హిందూవివాహచట్టమున మూర్ఛ ప్రసక్తి లేకుండెను. 1976లో సవరించినప్పుడు, మాటిమాటికి ఉన్మాదముగాని మూర్ఛగాని వచ్చువారు వివాహమునకు అనర్హులని చేర్చిరి. ప్రత్యేకవివాహచట్టమునను అట్లే. ఉన్మాదమును మూర్ఛయు ఒకే వాక్యమున! హిప్పోక్రటీసు గ్రంథమునకు దాదాపు ఇరువదినాలుగు శతాబ్దముల తరువాత, ఫినోబార్బిటాలు వచ్చిన అఱువదినాలుగేండ్లకు, మందుతో అదుపునకు వచ్చు వ్యాధిని మన పార్లమెంటు వివాహమునకు అడ్డుగ నిలిపినది. అట్టి పెండ్లిని రద్దుచేయుమని న్యాయస్థానమున వేడుటకు త్రోవ తెఱచినది. 1999లో మరల సవరించి మూర్ఛ యను మాటను తొలగించిరి. ఆ యిరువదిమూడేండ్లలో తలనొప్పి కలదని ఏ కోడలి పెండ్లియు రద్దు కాలేదు. పొలిమేరకు ఈవల నున్నవారికి చట్టము అడ్డురాలేదు. 1999 నాటి సవరణ సంగతి నేటికిని ఎఱుగని తల్లిదండ్రులు కలరు; చట్టము మాన్పిన భయమును వారింకను మోయుచున్నారు.

బెల్లంకొండ అప్పటి సత్తెనపల్లి తాలూకాలోనిదై యున్న దినములలో, మూర్ఛవచ్చిన బిడ్డను పెద్దవైద్యునికి చూపవలెనన్న మదరాసు పోవలసియుండెను. 1923లో విశాఖపట్టణమునను, 1946లో గుంటూరునను వైద్యకళాశాలలు వెలసినవి. 2022లో నరసరావుపేట ముఖ్యపట్టణముగ పలనాడు జిల్లా ఏర్పడినది. దూరము ఇప్పుడు అడ్డు కాదు. వైద్యుని యెదుట కూర్చున్న తల్లికి చెప్పుటకు ఏమియు లేకపోవుటయే యడ్డు. తలపరీక్షలు సరిగ నున్నను వ్యాధి యుండవచ్చును. మూర్ఛను గుర్తించునది ముఖ్యముగ చూచినవారి మాట. బిడ్డను ఒకప్రక్కకు తిప్పి పరుండబెట్టి, నోట ఏమియు పెట్టక, మొదట గడియారము చూడవలెను. అయిదు నిమిషములు మించినచో ఆసుపత్రికి పోవలెను. ముందు ఏమి కనబడినదని చెప్పినది, రంగా, గీతయా, ఎంతసేపు, కన్నులు ఎటు తిరిగినవి, పిలిచిన పలికినదా, తలనొప్పి ముందా, పిదపనా, నాడు తలంటు పోసితిరా. గవర్సు షార్ట్‌హ్యాండుతో పట్టినదానిని నేడు చేతిలోని ఫోను పట్టును. బిడ్డ ముఖమును చేతులును కనబడునట్లు రెండు నిమిషములు తీసికొని, తేదీలు వ్రాసిన కాగితము కొంగున ముడివేసికొని బయలుదేరినచో, బెల్లంకొండనుండి గుంటూరు వరకు పెట్టిన బస్సుచార్జి వ్యర్థము కాదు.